అటక మీది పెట్టెలో ముందు దేన్ని కాపాడాలి? ఆడియో క్యాసెట్టా, వీడియో క్యాసెట్టా?

మొన్న వేసవిలో ఇంటికి రంగులు వేయిద్దామని అటక ఖాళీ చేస్తుంటే నా పాత ట్రంకు పెట్టె కిందికి దిగింది. మూత తీస్తే అంతా మైకేల్ జాక్సనే. ఆడియో క్యాసెట్లు నలభైకి పైన, వీడియో క్యాసెట్లు పదకొండు. మా అక్క కొడుకు ఒక్కొక్కటే తీసి చూసి, "మామా, ఇవన్నీ యూట్యూబులో ఉండాయి గదా, ఇంకా దేనికి?" అన్నాడు. వాడన్న దాంట్లో తప్పేం లేదు. కానీ వెంటనే "పారెయ్" అనడానికి నాకు నోరు రాలేదు. తిరుపతి ఎండలకు మిద్దె కింద అటక మీద ముప్పై ఏళ్లు మగ్గిన టేపులవి. అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించే ఓపిక, డబ్బు నా దగ్గర లేవు. ఏదో ఒకటి ముందు పెట్టుకోవాలి. ఏది?

తొంభైల మొదట్లో ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో మేం ఆరుగురం. కొర్లగుంట నుంచి ఒకడు, బైరాగిపట్టెడ నుంచి ఇద్దరు, తిరుచానూరు నుంచి రోజూ సైకిల్లో వచ్చేవాడొకడు, చంద్రగిరి బస్సులో దిగేవాడొకడు, నేను. అందరం తెలుగు మీడియమే. మాలో ఎవ్వరమూ 'థ్రిల్లర్' వీడియోను ముందు చూడలేదు. ముందు చూసింది 1985లో వచ్చిన 'దొంగ'లో చిరంజీవి 'గోలీమార్'. ఆ స్మశానం, ఆ దయ్యాలు, ఆ ఎర్ర జాకెట్ ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసుకోవాలనే మైకేల్ జాక్సన్ వెంట పడ్డాం. చిరంజీవి దారి చూపించాడు, మేం నడుచుకుంటూ అసలు చోటికి పోయాం. అది నాకిప్పటికీ గొప్ప సంగతే.

ఆడియో క్యాసెట్టు గురించి ముందు చెప్తా, ఎందుకంటే మా చేతికి ముందు వచ్చింది అదే. ఒరిజినల్ క్యాసెట్టు కొనే స్తోమత అందరికీ ఉండేది కాదు. ఒకడు కొంటే మిగతా ఐదుగురం ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని రికార్డింగ్ చేసే అంగడికి పోయేవాళ్లం. సీ-90 అంటే పక్కకు 45 నిమిషాలు. 'థ్రిల్లర్' ఆల్బమ్ మొత్తం 42 నిమిషాలు. ఒక్క పక్కన కచ్చితంగా సరిపోతుంది, రెండో పక్కన ఇంకేదైనా ఎక్కించుకోవచ్చు. 1991 నవంబరులో 'డేంజరస్' వచ్చేసరికి ఈ లెక్క తప్పింది. అది 14 పాటలు, 77 నిమిషాలు. రెండు పక్కలా పట్టినా, పాట మధ్యలో తెగకుండా ఏది ఏ పక్కన పెట్టాలో అంగడాయనకు చీటీ రాసి ఇవ్వాల్సి వచ్చేది. ఆ చీటీ రాయడం కోసం మేం ప్రతి పాట నిడివినీ చేతి గడియారం పెట్టి లెక్కేసినాం.

ఆడియో క్యాసెట్టులో ఉన్న మేలు ఇదే. చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి చెవి పనిచేస్తుంది. 'బిల్లీ జీన్' మొదట్లో వచ్చే డ్రమ్ము, దాని మీదికి మెల్లగా వచ్చి కూర్చునే బేస్ గిటారు, ఇవి ఒకదాని వెనక ఒకటి ఎట్లా చేరుతున్నాయో నేను విని తెలుసుకున్నదే. వీడియోలో అయితే కాలు పెట్టిన ప్రతి పలకా వెలుగుతుంటే చూపంతా అక్కడే ఉంటుంది. సాహిత్యం కూడా విని రాసుకున్నదే. రివైండ్, ప్లే, మళ్లీ రివైండ్. తెలుగు లిపిలో ఇంగ్లీషు పాటలు రాసుకున్న ఒక వంద పేజీల నోటుబుక్కు పెట్టెలోనే దొరికింది. 'థ్రిల్లర్'లో మొదటి పాట చివర కోరస్‌గా వచ్చే మాటలు ఎంత విన్నా ఇంగ్లీషులాగా అనిపించలేదు. అది ఇంగ్లీషు కాదని చాన్నాళ్లకు తెలిసింది. కామెరూన్ దేశపు సంగీతకారుడు మను దిబాంగో 1972లో చేసిన పాటలోంచి తీసుకున్న పలుకులవి. మా నోటుబుక్కులో ఆ చోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేసినాం. వినడం ఎంత జాగ్రత్తగా సాగిందో ఆ ఒక్క గుర్తు చెప్తుంది.

ధ్వని నాణ్యతలోనూ ఆడియో క్యాసెట్టే పైచేయి అంటే మా అక్క కొడుకు నమ్మలేదు. వీడియో క్యాసెట్టు అంత పెద్దది, టేపు అంత వెడల్పు, ధ్వని కూడా బాగుండాలి గదా అన్నాడు. కానీ టేపు ఎంత వేగంగా కదిలితే ధ్వని అంత విడిగా, స్పష్టంగా పడుతుంది. ఆడియో క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. మన దేశంలో టీవీ బొమ్మకు వాడిన 'పాల్' పద్ధతి వీడియో క్యాసెట్టులో మామూలు వేగం 2.34 సెంటీమీటర్లే, అంటే అందులో సగం. బొమ్మ కోసం తిరిగే హెడ్డు (టేపును చదివే ముక్క) వేరే ఉంటుంది కానీ, వీడియో క్యాసెట్లను ఆడించే మామూలు వీసీఆర్‌లో ధ్వని మాత్రం టేపు అంచున సన్నగా, ఆ నిదానపు వేగంతోనే పడుతుంది. హై-ఫై వీసీఆర్‌లో ధ్వనిని కూడా తిరిగే హెడ్లే రాస్తాయి, అది క్యాసెట్టు కంటే బాగుంటుంది. మా ఆరుగురిలో ఎవరింట్లోనూ అలాంటిది లేదు. అందుకని మేం ఒక్కోసారి టీవీ సౌండు తగ్గించి, పక్కనే టేపు రికార్డర్లో అదే పాట పెట్టి రెండూ కలిసేలా చూసేవాళ్లం. రెండు మూడు నిమిషాలకు ఒకటి ముందుకు పోయేది. మళ్లీ మొదటి నుంచి.

ఇక వీడియో క్యాసెట్టు. దాని కోసం మద్రాసు పోవాలి. పుత్తూరు, నగరి మీదుగా బస్సు, ఆ తర్వాత బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజారు. విదేశీ క్యాసెట్లు అక్కడ వరసగా పేర్చి ఉండేవి. తెలియని వాళ్లు అమెరికా క్యాసెట్టు కొని మోసపోయేవాళ్లు. అది ఎన్‌టీఎస్‌సీ, బొమ్మ 525 గీతలుగా వచ్చే అమెరికా టీవీ పద్ధతి. మనది పాల్, 625 గీతలు. మన వీసీఆర్‌లో పెడితే బొమ్మ కిందికీ పైకీ పరుగులు పెట్టేది, రంగు పోయేది. రెండు పద్ధతులూ ఆడే వీసీఆర్ బైరాగిపట్టెడలో ఒక గల్ఫ్ నుంచి వచ్చినాయన ఇంట్లో ఉండేది. ఆదివారం మధ్యాహ్నం ఆయన నిద్రపోయే వేళ చూసి అడిగితే, "సౌండు తగ్గించుకోండి నాయనా" అని ఇచ్చేవాడు.

కాపీ తీయడంలో వీడియో క్యాసెట్టు ఆడియో కంటే తొందరగా పాడవుతుంది. ఆడియోలో ఒక్కో కాపీకీ సుయ్‌మనే చప్పుడు కాస్త పెరుగుతుంది, పాట మిగులుతుంది. వీడియోలో రంగు కరుగుతుంది. మా 'థ్రిల్లర్' మూడో చేతి కాపీ. అందులో ఆ ఎర్ర జాకెట్టు రంగు అంచు దాటి మెడ మీదికి, పక్కనున్న గోడ మీదికి పాకేది. మొదటిసారి బర్మా బజారు నుంచి మంచి కాపీ తెచ్చుకున్న రోజున ఆ జాకెట్టు భుజాల మీది నల్లగీతలు కనబడ్డాయి. వాటిని అంతకు ముందు చూడనేలేదు.

అయినా చర్చ అంటూ పుట్టింది వీడియో క్యాసెట్టుతోనే. 'స్మూత్ క్రిమినల్'లో మనుషులు నిటారుగా ఉండి నేలకేసి ముందుకు వాలిపోయే ఆ ఘట్టాన్ని మేం ఎన్నిసార్లు ఆపి చూసినామో లెక్క లేదు. రెండు హెడ్ల వీసీఆర్‌లో పాజ్ నొక్కితే బొమ్మ మధ్యలో తెల్లటి చారలు పడేవి, పాదాలు సరిగ్గా ఆ చారల కిందే ఉండేవి. నాలుగు హెడ్లున్న వీసీఆర్ దొరికిన రోజు బొమ్మ నిలబడింది. చంద్రగిరి వాడు తీగలున్నాయని, తిరుచానూరు వాడు బూట్లలో ఏదో ఉందని. నెల రోజులు వాదించుకున్నారు. ఇద్దరిదీ నిజమే. వీడియోలో తీగలు వాడారు. స్టేజీ మీద చేయడానికి తర్వాత బూటు మడమలో గాడి పెట్టి, నేలలోంచి లేచే మేకుకు అది తగులుకునేలా చేసుకున్నారు. ఆ బూట్లకు 1993లో అమెరికాలో పేటెంటు కూడా వచ్చింది, అందులో మైకేల్ జాక్సన్ పేరుంది.

పాజ్‌లో ఎక్కువసేపు ఉంచితే టేపుకు చేటు. ఆపినప్పుడు టేపు నిలబడుతుంది గానీ హెడ్డు డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ అదే చోటును గీరుతుంటుంది. మా టేపులో వాలిపోయే ఆ చోట ఇప్పుడు చుక్కలు చుక్కలుగా ఉంది. మేం చూసి చూసి అరగదీసిన చోటు అది.

ఈ పోలికలో నన్ను ఒకవైపు తిప్పింది 'బ్లాక్ ఆర్ వైట్'. జాన్ లాండిస్ తీసిన ఆ వీడియోను 1991 నవంబరు 14న 27 దేశాల్లో ఒకేసారి చూపించారు. పాట అయిపోయాక చివర్లో నాలుగు నిమిషాలు పాట లేకుండా మైకేల్ జాక్సన్ ఒక్కడే వీధిలో ఆడతాడు, కారు అద్దాలు పగలగొడతాడు, ఆఖరికి చిరుతగా మారిపోతాడు. పిల్లలు చూసే వేళ ఇదేంటని గొడవైంది. ఆయన క్షమాపణ చెప్పాడు, ఆ నాలుగు నిమిషాలూ తీసేసి చూపించడం మొదలుపెట్టారు. మేం కేబుల్లో చూసింది ఆ కత్తిరించినదే. ముఖాలు ఒకదాంట్లోంచి ఇంకోటి కరిగి మారిపోయే చోట పాట అయిపోతుంది, మాకు అంతే అనిపించింది.

తర్వాత ఒకడు మద్రాసు నుంచి పూర్తి వీడియో తెచ్చినాడు. అందులో పగిలే అద్దాల మీద విద్వేషపు రాతలున్నాయి. ఇంకో ఏడాదికి ఎవరో గల్ఫ్ నుంచి పంపిన టేపులో అదే వీడియో, అవే అద్దాలు, రాతలు మాత్రం లేవు. ముందు వచ్చింది రాతలు లేనిదే. పగలగొట్టడానికి ఒక కారణం కనబడాలని రాతల్ని తర్వాత కంప్యూటరుతో కలిపినారు. ఆ సాయంత్రం రెండు వీసీఆర్లు, రెండు టీవీలు పక్కపక్కన పెట్టి చూసినాం. రాత ఉన్నదాంట్లో ఆయన కోపం ఆ రాత మీద. రాత లేనిదాంట్లో కోపం దేని మీదో మనమే ఆలోచించుకోవాలి. నాకు రాత లేనిదే బలంగా ఉంటుంది. కొర్లగుంట వాడు ఒప్పుకోలేదు, కారణం తెలిస్తేనే కోపానికి విలువ అన్నాడు. ఈ రోజుకీ ఫోన్ చేస్తే ఆ వాదన మిగిలే ఉంది.

యూట్యూబు సంగతికి వస్తే, దాన్ని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. స్టెప్పు నేర్చుకోవాలంటే దాన్ని మించింది లేదు. 1983 మేలో అమెరికా టీవీలో వచ్చిన మోటౌన్ అనే పాటల కంపెనీ కార్యక్రమంలో, ముందుకు నడుస్తున్నట్టే కనబడుతూ వెనక్కి జారే మూన్‌వాక్‌ను మా అక్క కొడుకు పావు వేగంలో పెట్టుకుని, ఏ మడమ ఎప్పుడు లేస్తోందో చూసి, రెండు వారాల్లో నేర్చుకున్నాడు. మాకు రెండేళ్లు పట్టినా రాలేదు. ధ్వనిలో, బొమ్మలో మా టేపులేవీ దాని దగ్గరికి రావు. ఆల్బమ్ పాటల విషయంలో ఇంకో మాటే లేదు.

అందుకే నా తీర్పు ఇట్లా తేలింది. వినడానికి మా కాలంలో ఆడియో క్యాసెట్టు మేలు. ఇప్పుడు కాపాడడానికి వీడియో క్యాసెట్టు మేలు. ఒరిజినల్ ఆడియో క్యాసెట్లలో ఉన్నది ఎక్కడైనా దొరుకుతుంది. అవి ఎంత ఇష్టమైనవైనా చివర ఉండాలి. వీడియో క్యాసెట్లలో కూడా కంపెనీ అచ్చు వేసినవి కాదు, టీవీలోంచి రికార్డు చేసుకున్నవి ముందు. కత్తిరించినది, కత్తిరించనిది, ముందూ వెనకా అప్పటి ప్రకటనలు, ఏ రోజు ఏం చూపించారో, అవన్నీ ఆ ఒక్క టేపులోనే ఉంటాయి. వాటి తర్వాత మా చేతిరాత ఉన్న కలగలుపు ఆడియో క్యాసెట్లు.

తొందర ఎందుకంటే వీసీఆర్లు పోతున్నాయి. చివరి వరకూ తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. ఆడియో డెక్కు ఇప్పటికీ దొరుకుతుంది. పాత వీసీఆర్ రిపేరు చేయగలిగిన మనిషి మాత్రం మా ఊళ్లో ఒక్కడే కనబడ్డాడు, అది కూడా చాలామందిని అడిగితే. టేపు చుట్ట మీద తెల్లగా బూజు కనబడితే దాన్ని వీసీఆర్‌లో పెట్టకూడదు, హెడ్డుతోపాటు తర్వాత పెట్టే టేపులు కూడా పాడవుతాయి. మా పదకొండింట్లో మూడింటికి బూజుంది, వాటిని పక్కన పెట్టినాం. మిగతావి నిలువుగా పెట్టి, ఒక్కోదాన్నీ ఒకసారి చివరి దాకా తిప్పి వెనక్కి చుట్టి, దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా వెనకున్న ప్లాస్టిక్ రెక్క విరిచేసినాం. ఆ రెక్క విరవనందుకే ఒకప్పుడు నా మోటౌన్ టేపు ఇంకొకరింటికి పోయి, సగం క్రికెట్ మ్యాచ్‌గా తిరిగొచ్చింది. 1992 ప్రపంచ కప్పు. అడగడానికి నోరు రాలేదు, ఆ స్నేహం ఆ తర్వాత పలచబడింది.

మూడు గంటల టేపు ఎక్కించడానికి మూడు గంటలే పడుతుంది, తొందర పెట్టే మార్గం లేదు. ఆదివారాలు మధ్యాహ్నం ఒక టేపు చొప్పున పెట్టుకున్నాం. పోయిన వారం గల్ఫ్ టేపు. కారు దగ్గరికి వచ్చేసరికి మా అక్క కొడుకు లాప్‌టాప్ ముందుకు వంగి, "మామా, ఆగు, అద్దం మీద ఏమీ లేదే!" అన్నాడు. నేను లేచి పోయి కొర్లగుంట వాడికి ఫోన్ కలిపినాను.