పిల్లుల కొట్లాటకు ఫెరోమోన్ డిఫ్యూజర్: 5కి 3 స్టార్లు

నిన్నటిదాకా కలిసి పడుకున్న పిల్లులు ఉన్నట్టుండి కొట్టుకుంటున్నాయని, ఈ డిఫ్యూజర్ (పిల్లులు ఒకదానికొకటి సంకేతంగా వదిలే ఫెరోమోన్ అనే రసాయనానికి నకలును గదిలోకి వదిలే పరికరం) ప్లగ్గులో పెడితే చాలనుకుని కొంటే డబ్బులు దండగ. మిగతా పనులన్నీ చేస్తూ దీన్ని కూడా పెడితే కొంత పనికొస్తుంది.

మా లడ్డు, మిర్చి ఒకే ఈత పిల్లలు, రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. మేముండేది నల్లగొండలో రామగిరి వైపు, కింది పోర్షన్. ఒక రాత్రి వీధి గండుపిల్లి వచ్చి మా ప్రహరీ గోడ మీద కూర్చుంటే లడ్డు కిటికీలోంచి చూసి, తోక ఉబ్బించి, జాలీ అడ్డం ఉండి దాని మీదికి పోలేక పక్కనున్న మిర్చి మీద పడింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అచ్చం అదే. ఆ గండుపిల్లి ఎటో పోయింది కానీ వీటి మధ్య పగ మాత్రం ఉండిపోయింది, మిర్చి కనబడితే చాలు లడ్డు గుర్రుమనేది. ఇంట్లో అందరికీ టెన్షన్.

పశువుల దవాఖానలో డాక్టరు ముందు రెండింటినీ పరీక్షించారు, ఎందుకంటే పంటి నొప్పి, కీళ్ల నొప్పి లాంటివి ఉన్నా పిల్లి ఇలాగే తిరగబడుతుందట. ఒక్కదాన్నే దవాఖానకు తీసుకెళ్లి తెచ్చినా, ఒంటికి అంటిన కొత్త వాసన వల్ల రెండోది దాన్ని పరాయి పిల్లి అనుకుని మీద పడొచ్చట. ఏ నొప్పీ లేదని తేలాక వేర్వేరు గదుల్లో పెట్టమన్నారు. తలుపుకి అటొకటి ఇటొకటి గిన్నెలు పెట్టి తినిపించడం, ఒకదాని దుప్పటి ఇంకోదాని గదిలో వేయడం, కిటికీ కింది సగానికి పేపర్ అతికించడం, ఇవన్నీ చేశాకే అసలు మార్పు మొదలైంది. తొందరపడి కలిపితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక డిఫ్యూజర్ సంగతి. 48 ఎంఎల్ సీసా, దాన్ని వేడిచేసే ప్లగ్గు. మనకు వాసనేం రాదు. 30 రోజులు వస్తుందని, 50 నుంచి 70 చదరపు మీటర్ల దాకా సరిపోతుందని డబ్బా మీద ఉంది, కానీ మధ్యలో గోడలు, మూసిన తలుపులు ఉంటే ఆ లెక్క కుదరదు, గదికొకటి కావాలి. ఖర్చు అక్కడే పెరుగుతుంది. సోఫా వెనకో, పరదా కిందో పెడితే లాభం లేదు. 24 గంటలూ ఆన్‌లో ఉండాలి, కరెంటు పోయినప్పుడల్లా అది ఆగిపోతుంది, ఎండాకాలం మన దగ్గర సంగతి తెలిసిందే.

కొనేముందు రకం చూసుకోండి. పిల్లి బుగ్గలు రుద్దినప్పుడు వచ్చే ఫెరోమోన్‌కు నకలు ఒకటి, అది కొత్త ఇల్లు, భయం లాంటి వాటికి. పాలిచ్చే తల్లిపిల్లి ఫెరోమోన్‌ను పోలింది ఇంకోటి, కొట్లాటలకు కావాల్సింది అది. ఆన్‌లైన్‌లో ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి.

దీనితో లడ్డు కాస్త నెమ్మదించినట్టే అనిపించింది, అది దీని వల్లనా, కిటికీ మూయడం వల్లనా అంటే నేనైతే కిటికీకే ఓటేస్తా.

ఇంకోటి, కొట్టుకుంటుంటే మధ్యలో చెయ్యి పెట్టకండి, అట్ట ముక్క అడ్డం పెట్టండి. కరిచినా రక్కినా సబ్బుతో 15 నిమిషాలు నీళ్ల కింద కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే దవాఖానకు పోండి, ఇంటి పిల్లే కదా అని ఊరుకోవద్దు.