డాలర్, అలన్: ఓడల వ్యాపారం చేసిన రెండు కుటుంబాలు

ఇద్దరూ స్కాట్లండ్ నుంచి వలసవెళ్లినవాళ్లే. హ్యూ అలన్ 1826లో కెనడాలోని మాంట్రియల్ చేరేనాటికే ఆయన తండ్రి ఒక ఓడ కెప్టెన్. ఫాల్కర్క్‌లో పుట్టిన రాబర్ట్ డాలర్ మాత్రం కెనడా కలప శిబిరంలో వంటవాడికి సాయంచేసే కుర్రాడు. అందుకే నా మనసు డాలర్ వైపే మొగ్గుతుంది. 1895లో తన కలప మోయడానికి న్యూస్‌బాయ్ అనే చిన్న ఆవిరి ఓడ కొన్నాడు. 1924లో ఆయన ప్రయాణికుల ఓడలు భూమి చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి, పొగగొట్టాల మీద తెల్లటి డాలర్ గుర్తుతో! ఆయన పోయాక అప్పులు ముంచేశాయి. 1938లో కంపెనీ అమెరికా ప్రభుత్వం చేతికి వెళ్లింది. దాని కోసం కొడుకు స్టాన్లీ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు.

హ్యూ అలన్ ఓడల కంపెనీ అలన్ లైన్‌ను కెనడా రైల్వే సంస్థ కెనడియన్ పసిఫిక్ కొనేసింది. హ్యూ కొడుకు మాంటాగుకు సిరి మిగిలింది గానీ, 1915లో జర్మన్ జలాంతర్గామి ముంచిన ప్రయాణికుల ఓడ లూసిటానియాతో పాటు అతని ఇద్దరు కూతుళ్లు పోయారు, 1917లో మొదటి ప్రపంచ యుద్ధం అతని కొడుకునూ మింగింది. తండ్రి కట్టిన రేవెన్స్‌క్రాగ్ భవనాన్ని 1940లో ఆసుపత్రికి ఇచ్చేశాడు.