గాయం తర్వాత తొలి పోటీ: ఐదు కిలోమీటర్లా, పదా, హాఫ్ మారథానా?

గాయం మానిన తరువాత మళ్ళీ పోటీలో దిగాలనుకునే ఔత్సాహిక రన్నరుకు దాదాపు అందరూ ఇచ్చే సలహా ఒకటే: ముందు ఐదు కిలోమీటర్లు పరుగెత్తి చూడు, అది కుదిరితే పది, ఆ తరువాతే హాఫ్ మారథాన్. మెట్టు మెట్టుగా ఎక్కమనే ఈ మాటలో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. నేనూ దానినే నమ్మాను. మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్ నొప్పితో ఐదు నెలలు పోటీలకు దూరమై, వారానికి నాలుగు రోజులు నొప్పి లేకుండా మెల్లగా పరుగెత్తగలిగే స్థితికి చేరిన తరువాత, తొలి పోటీగా ఐదు కిలోమీటర్లను ఎంచుకున్నాను. ముప్ఫై నిమిషాల లోపే ముగించాను. మర్నాడు ఉదయం మంచం దిగి సరిగా రెండడుగులు వేయలేకపోయాను, ఆ తరువాత మరో మూడు నెలలు పరుగు లేకుండానే గడిచిపోయాయి. ఆ మూడు నెలల్లో చదివినదీ, ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకున్నదీ కలిసి నాలో ఒక అభిప్రాయాన్ని స్థిరపరిచాయి: పోటీ చిన్నదైనంత మాత్రాన గాయపడిన భాగం మీద పడే భారం చిన్నది కాదు, ఏ దూరం మేలన్నది, దెబ్బతిన్నది ఏ భాగమన్న దానిని బట్టే తేలాలి.

భారమన్నది రెండు విధాలు. ఒక్కొక్క అడుగులో ఎంత బలం పడుతుందన్నది మొదటిది, అలాంటి అడుగులు ఎన్ని పడతాయన్నది రెండవది. ఐదు కిలోమీటర్లను ముప్ఫై నిమిషాల్లో, నిమిషానికి 170 అడుగుల చొప్పున ముగించే రన్నరు మొత్తం 5,100 అడుగులు వేస్తాడు, అంటే ఒక్కో పాదానికి 2,550. అదే వ్యక్తి 21.0975 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌ను కిలోమీటరుకు ఏడు నిమిషాల నిదానపు వేగంతో, నిమిషానికి 160 అడుగులతో పూర్తి చేస్తే ఒక్కో పాదానికి సుమారు 11,800 అడుగులు పడతాయి. దూరాన్ని మాత్రమే చూసేవారికి ఈ రెండవ లెక్కే కనిపిస్తుంది. మొదటి పోటీలోని ప్రతి అడుగూ రెండవ దానిలోని అడుగు కంటే బరువైనదన్న సంగతి మరుగున పడిపోతుంది.

పిక్క కండరాలు, వాటిని మడమకు కలిపే అకిలిస్ టెండన్ గాయపడినవారికి ఈ తేడా అన్నింటికంటే ముఖ్యం. ఔత్సాహికులు పరుగెత్తే వేగాల్లో, అంటే పూర్తి స్ప్రింటుకు చాలా దిగువన, వేగం పెంచడమంటే ప్రధానంగా నేలను మరింత బలంగా తన్నడమే. ఆ తన్ను పిక్క నుండే వస్తుంది. మామూలు పరుగులోనే ఈ టెండన్ మీద శరీర బరువుకు ఆరేడు రెట్ల బలం పడుతుంది, వేగంతో పాటు అది పెరుగుతుంది. పైగా గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పూర్వపు సామర్థ్యానికి దగ్గరగా వస్తాయి కాని, టెండన్ అంత త్వరగా కోలుకోదు. శ్వాస సులభంగా ఆడుతోంది కనుక కాలు కూడా సిద్ధమైందని రన్నరు భ్రమపడతాడు. నాకు జరిగినది సరిగ్గా ఇదే. చివరి కిలోమీటరులో ఊపిరి నిలకడగా ఉందన్న ధైర్యంతో వేగం పెంచాను, ఆ కిలోమీటరు కోసం పిక్క ఎంత శ్రమపడుతోందో గమనించలేదు.

కనుక టెండన్ గాయం నుండి వస్తున్నవారికి పూర్తి వేగంతో చేసే ఐదు కిలోమీటర్ల కంటే, నిదానంగా చేసే పది కిలోమీటర్లే మేలని నా నిశ్చితాభిప్రాయం. నిదానమన్నది ఇక్కడ అసలైన షరతు. ఈ గాయం విషయంలో ఏ దూరమైనా సరే, అంతకు ముందు చేయవలసిన పని ఒకటుంది. స్వీడన్‌కు చెందిన హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో 15 మంది ఔత్సాహిక క్రీడాకారులు 12 వారాల పాటు, రోజుకు రెండు పూటలా, మెట్టు అంచున నిలబడి మడమను మెల్లగా కిందికి దించే వ్యాయామాన్ని పదిహేనేసి సార్లు మూడు విడతలుగా, మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, కొద్దిగా వంచి మరొకసారి చేసి, తమ పూర్వపు పరుగుకు తిరిగి వచ్చారు. ఆ తరువాత వ్యాయామ పద్ధతుల్లో మార్పులు వచ్చాయి కాని, పన్నెండు వారాలన్న ఓపిక మాత్రం ఇప్పటికీ అవసరమే. ఒంటికాలిపై మడమను పూర్తి ఎత్తుకు ఇరవై ఐదు సార్లు లేపగలగడం, గాయపడిన కాలు రెండో కాలితో ఇంచుమించు సమానంగా నిలవడం అన్నవి పోటీకి పేరు నమోదు చేసుకునే ముందు ఎవరైనా ఇంట్లోనే చేసుకోదగిన పరీక్షలు. ఐదు కిలోమీటర్ల పోటీకి ముందు నేను ఆ పరీక్ష చేసుకుని ఉంటే పదమూడో, పద్నాలుగో సారికే ఆగిపోయి ఉండేవాడిని.

తొడ వెనుక కండరం, అంటే హామ్‌స్ట్రింగ్ చిరిగినవారి విషయమూ దాదాపు ఇదే కనుక విస్తరించను. కాలు ముందుకు చాచి నేలను తాకబోయే క్షణంలో ఈ కండరం సాగుతూనే బలాన్ని భరించాలి, వేగం పెరిగే కొద్దీ ఆ బలం తీవ్రమవుతుంది. ముగింపు గీత కనిపించగానే చేసే చివరి స్ప్రింటే వీరికి పెద్ద ప్రమాదం. చిన్న పోటీలో దాదాపు ప్రతివారూ ఆ స్ప్రింటు చేస్తారు.

మోకాలి దగ్గరకు వచ్చేసరికి వాదన తలకిందులవుతుంది. మోకాలి చిప్ప చుట్టూ వచ్చే నొప్పీ, తుంటి నుండి తొడ వెలుపలి పక్కగా మోకాలి కిందివరకు సాగే పట్టీ లాంటి కణజాలం వద్ద, మోకాలి వెలుపలి పక్కన వచ్చే ఐటీ బ్యాండ్ నొప్పీ మొదటి అడుగులోనే పట్టుకునేవి కావు. అవి అడుగుల సంఖ్యతో పోగుపడతాయి. ఐటీ బ్యాండ్ నొప్పి ఉన్నవారు చాలామంది అది ఎన్నో కిలోమీటరు వద్ద మొదలవుతుందో కచ్చితంగా చెప్పగలరు; నాలుగు కిలోమీటర్ల వరకు ఏమీ ఉండదు, ఆ తరువాత ప్రతి అడుగుకూ మోకాలి పక్కన సూది గుచ్చినట్లవుతుంది. మెల్లగా పరుగెత్తితే మోకాలికి మేలన్న నమ్మకం కూడా ఇక్కడ పూర్తిగా నిలబడదు. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఒక్కో అడుగులో మోకాలిపై పడే భారం తగ్గినా, కిలోమీటరుకు పడే అడుగులు పెరగడం వలన, అదే దూరానికి మోకాలు భరించే మొత్తం భారం వేగంగా వెళ్ళినప్పటి కంటే ఎక్కువవుతుంది. నేలను తాకేటప్పుడు మోకాలు సుమారు 30 డిగ్రీలు వంగి ఉండే స్థితిలో ఐటీ బ్యాండ్ ఎక్కువగా ఒత్తిడికి లోనవుతుంది కనుక, నిదానపు పరుగు, పల్లం దిగడం దానిని రెచ్చగొడతాయి. ఈ నొప్పి ఉన్నవారిలో కొందరు వేగంగా పరుగెత్తినప్పుడే హాయిగా ఉందని చెప్పడానికి కారణమిదే. కనుక వీరికి లోకం ఇచ్చే సలహాయే సరైనది. సమతలమైన దారిలో ఐదు కిలోమీటర్లు తగిన తొలి పోటీ. మూడు గంటల పాటు మెల్లగా సాగే హాఫ్ మారథాన్ వీరికి నా దృష్టిలో అన్నింటికంటే చెడ్డ ఎంపిక. వేగం మార్చకుండా అడుగులను కొంచెం పొట్టిగా, నిమిషానికి వాటి సంఖ్యను ఐదు నుండి పది శాతం ఎక్కువగా ఉంచుకోవడం కూడా మోకాలిపై భారాన్ని తగ్గిస్తుంది. అయితే ఆ మార్పును పోటీ రోజున కాక, సాధనలోనే కొన్ని వారాల ముందు అలవాటు చేసుకోవాలి.

స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే భారం వలన ఎముకలో వచ్చే సన్నని పగులు నుండి కోలుకుంటున్నవారికి ఈ మూడు దూరాల పోలికే వర్తించదు. ఎముక తనను తాను బాగుచేసుకునేటప్పుడు దెబ్బతిన్న భాగాన్ని తొలగించే పని కొన్ని వారాల్లో ముగిసినా, కొత్త ఎముక ఏర్పడి గట్టిపడడానికి నెలలు పడుతుంది. నొప్పి ఆ మధ్యలోనే ఎప్పుడో మాయమవుతుంది. పైగా ఒక్కో అడుగు బలం కొద్దిగా పెరిగినా ఎముకలో కలిగే నష్టం ఆ నిష్పత్తిని మించి పెరుగుతుంది కనుక ఐదు కిలోమీటర్ల వేగం క్షేమం కాదు. అలసిన కండరాలు తాకిడిని సరిగా పీల్చుకోలేవు కనుక హాఫ్ మారథాన్ దూరమూ క్షేమం కాదు. ముందు నొప్పి లేని నడక, తరువాత నడక, పరుగు కలిపిన సాధన, ఆ తరువాత నిదానపు పరుగులో దూరం, అన్నింటికీ చివర వేగం అన్న వరుసను తప్పకూడదు. తుంటి వద్ద తొడ ఎముక మెడభాగంలోనో, పాదం మధ్యనున్న నావిక్యులర్ ఎముకలోనో పగులు వచ్చినవారైతే వైద్యుడు స్పష్టంగా అనుమతించే వరకు ఏ పోటీ గురించీ ఆలోచించకూడదు. అసలు పగులు ఎందుకు వచ్చిందో, తినే ఆహారం చేసే పరుగుకు సరిపోతోందో లేదో తేల్చుకోకుండా తిరిగి పోటీకి రావడం అదే గాయాన్ని మళ్ళీ పిలవడమవుతుంది. అడుగున గట్టి కార్బన్ పలక (కార్బన్ ప్లేట్) ఉన్న పోటీ బూట్లు వాడిన రన్నర్లలో ఐదుగురికి నావిక్యులర్ ఎముక దెబ్బతిన్న వైనాన్ని 2023లో వైద్యులు ప్రచురించారు. ఐదుగురి అనుభవంతో ఆ బూట్లే కారణమని తేల్చలేము, కాని ఎముక గాయం తరువాతి తొలి పోటీకి కొత్త రకం బూట్లు తొడగవద్దని చెప్పడానికి అది చాలు.

శరీర భాగాలను పక్కన పెట్టి చూస్తే, పోటీ స్వభావం కూడా తూకంలోకి రావాలి. ఐదు కిలోమీటర్ల పోటీకున్న పెద్ద బలం, నొప్పి మొదలైతే ఆగిపోవడం సులభం. ఎక్కడ ఆగినా ముగింపు నడిచి చేరగల దూరంలోనే ఉంటుంది. దాని పెద్ద బలహీనత, నిదానంగా పరుగెత్తాలని మనసులో ఎంత అనుకున్నా, ప్రారంభ గీత వద్ద చుట్టూ ఉన్నవారి వేగం మనలను లాగేయడం. గాయానికి ముందు ఇరవై ఆరు నిమిషాల్లో ముగించినవాడు ముప్ఫై మూడు నిమిషాల్లో ముగించడానికి సులభంగా ఒప్పుకోడు. హాఫ్ మారథాన్‌లో ఈ లాగుడు తక్కువ, మెల్లగా వెళ్ళేవారు చుట్టూ ఎందరో ఉంటారు, నడక కలిపి పరుగెత్తినా ఎవరూ వింతగా చూడరు. కాని పద్నాలుగో కిలోమీటరు వద్ద నొప్పి మొదలైతే ఇంత దూరం వచ్చాక మానేయడమెందుకన్న ఆలోచన ఆగనివ్వదు. కొందరు నొప్పి తెలియకుండా ముందుగానే మాత్ర వేసుకుని బయలుదేరతారు. ఇది ఎంతమాత్రం తగదు. గాయం నుండి వస్తున్నవారికి నొప్పి ఒక్కటే నమ్మదగిన సమాచారం, దానిని మూసివేసే ఆ మాత్రలు దీర్ఘమైన పరుగులో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకూ చేటు చేయగలవు.

పది కిలోమీటర్లను ఎవరూ గట్టిగా సిఫారసు చేయకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. మొదటి నుండీ ఊపిరి బిగబట్టి పరుగెత్తలేనంత పొడవు, నెలల తరబడి సాధన అక్కరలేనంత పొట్టి. గాయం పూర్తిగా మానిందో లేదో తెలియని సందిగ్ధంలో ఉన్నవారికి, ముఖ్యంగా ఐదు కిలోమీటర్ల లూప్‌ను రెండుసార్లు చుట్టే పోటీ దొరికితే, అదే మొదట ఎంచుకోదగినది. మొదటి చుట్టు చివర ఆగి, నొప్పిని పదికి ఎంతని తూచుకుని, రెండవ చుట్టు వేయాలో వద్దో తేల్చుకోవచ్చు. ఇప్పటికే రుసుము కట్టి హాఫ్ మారథాన్‌లో పేరు నమోదైన వారు దానిని తక్కువ దూరానికి మార్చుకునే వీలుందేమో నిర్వాహకులను అడగాలి. వీలు లేకపోతే ఆ డబ్బును వదులుకోవాలే తప్ప, అది కట్టినందుకు పరుగెత్తకూడదు.

నేను రెండవసారి పది కిలోమీటర్లనే ఎంచుకున్నాను. అంతకు ముందు రెండు నెలల పాటు వారానికి మూడు సార్లు, కనీసం ఒక రోజు ఎడంతో, పిక్కకు బరువుతో వ్యాయామం చేశాను. సాధనలో పన్నెండు కిలోమీటర్లు రెండుసార్లు పరుగెత్తి, మర్నాటి ఉదయం మడమ ఎలా ఉందో రాసుకున్నాను. నొప్పి పదికి ఐదు దాటకుండా, మర్నాటి ఉదయానికి మామూలు స్థితికి తగ్గిపోతే టెండన్ ఆ భారాన్ని భరించగలిగిందని అర్థం. పోటీని అరవై ఎనిమిది నిమిషాల్లో ముగించాను. ఇది నా పాత సమయం కంటే పద్నాలుగు నిమిషాలు ఎక్కువ. మర్నాడు మంచం దిగినప్పుడు మడమ వెనుక కొద్దిపాటి బిగువు తప్ప మరేమీ లేదు, అది కూడా స్నానం ముగిసేలోగా పోయింది.