హోల్డింగ్ కోసం జీటీఎన్ 650 కొనొచ్చా: 430డబ్ల్యూతో పోల్చి చూస్తే

చిన్న విమానాల్లో దారి చూపే పాత జీపీఎస్ నావిగేటర్ గార్మిన్ 430డబ్ల్యూ తీసేసి, అదే కంపెనీ జీటీఎన్ 650 పెట్టించుకునేవాళ్లలో చాలామంది టచ్ స్క్రీన్, పెద్ద మ్యాప్ చూసి మురిసిపోతారు. ఐఎఫ్ఆర్‌లో, అంటే బయటి చూపు మీద కాక పరికరాల మీద ఆధారపడి, ఎగిరేవాళ్లకు పెట్టిన డబ్బు గిట్టేది మాత్రం హోల్డింగ్ దగ్గరే, అంటే ఒక బిందువు దగ్గర రేస్‌ట్రాక్ ఆకారంలో చుట్లు కొడుతూ వేచి ఉండటం దగ్గరే.

చార్టులో లేని హోల్డ్ ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఇచ్చిందనుకోండి. 430డబ్ల్యూలో ఆ ఫిక్స్‌కు (హోల్డ్ చేయాల్సిన బిందువుకు) డైరెక్ట్ పెట్టి, ఓబీఎస్ (కోర్సును మనమే ఎంచుకునే బటన్) నొక్కి, ఇన్‌బౌండ్ కోర్సు (ఫిక్స్ వైపు వచ్చే దిశ) తిప్పి, మిగతా బొమ్మంతా మనసులోనే గీసుకోవాలి. జీటీఎన్‌లో ఫ్లైట్ ప్లాన్‌లోని ఫిక్స్‌ను తాకి హోల్డ్ ఎట్ వేపాయింట్ ఎంచుకుంటే చాలు: కోర్సు, మలుపు కుడికా ఎడమకా, లెగ్ (చుట్టులోని తిన్నని భాగం) సమయమా దూరమా అన్నీ నింపొచ్చు. పాత సాఫ్ట్‌వేర్‌లో ఇది లేదు. సెకండ్ హ్యాండ్ యూనిట్ కొనేవాళ్లు ఆన్ చేయించి, ఈ బటన్ ఉందో లేదో చూసుకోవాలి.

ఎక్కువగా పొరపాటు జరిగేది కోర్సు గడిలో. 230 రేడియల్ (రేడియో స్టేషన్ నుంచి 230 డిగ్రీల వైపు బయటికి వెళ్లే గీత) మీద నైరుతిలో హోల్డ్ చేయమంటే ఇన్‌బౌండ్ 050. అక్కడ ఇన్‌బౌండ్ అని ఉంచి 230 కొడితే హోల్డ్ మొత్తం ఫిక్స్‌కు అవతల, ఈశాన్యంలో పడుతుంది. యాక్టివేట్ చేసేముందు మ్యాప్ మీద బొమ్మ ఏ పక్కన ఉందో చూడండి.

ప్రొసీజర్ టర్న్‌కు (రన్‌వే వైపు వెనక్కి తిరిగే మలుపుకు) బదులు హోల్డ్ ఉన్న అప్రోచ్‌లు (ల్యాండింగ్‌కు దిగే నిర్దిష్ట దారులు) లోడ్ చేసేటప్పుడు, హోల్డ్ చేస్తారా అని యూనిట్ అడుగుతుంది. ఇది మంచి ఏర్పాటే, కానీ ఆ ప్రశ్న ఏటీసీ క్లియరెన్స్ (అనుమతి) రాకముందే వస్తుంది. ముందు యస్ నొక్కి, తర్వాత స్ట్రెయిట్ ఇన్ (హోల్డ్ లేకుండా నేరుగా) క్లియరెన్స్ వస్తే ప్లాన్‌లో ఆ హోల్డ్ అలాగే ఉంటుంది. ఫిక్స్ దాటగానే ఆటోపైలట్ అవుట్‌బౌండ్ (ఫిక్స్ నుంచి దూరంగా) తిరిగేస్తుంది. అందుకే ఫిక్స్ చేరకముందే హోల్డ్ తర్వాతి లెగ్‌ను యాక్టివేట్ చేయాలి. ఈ రకం హోల్డ్ ఒక్క చుట్టుతోనే ఫైనల్‌కు (రన్‌వే వైపు చివరి లెగ్‌కు) సీక్వెన్స్ అయిపోతుంది, అంటే తనంతట తానే మారిపోతుంది. ఎత్తు దిగడానికి ఇంకో చుట్టు కావాలంటే ఏటీసీకి చెప్పి, ఫిక్స్‌కు తిరిగి చేరేలోగా సస్పెండ్ (సీక్వెన్సింగ్ ఆపే బటన్) నొక్కండి.

మిస్డ్ అప్రోచ్ పాయింట్ (రన్‌వే కనిపించకపోతే ల్యాండింగ్ మానేసి పైకెక్కాల్సిన చోటు) దగ్గర సీక్వెన్సింగ్ ఆగుతుంది. 430డబ్ల్యూలో ఓబీఎస్ బటన్ పైన చిన్న సస్ప్ (సస్పెండ్) అక్షరాలు వెలుగుతాయి, బటన్ నొక్కితేనే మిస్డ్ లెగ్‌లు మొదలవుతాయి. జీటీఎన్‌లో మిస్డ్ యాక్టివేట్ చేయాలా, సస్పెండ్‌లోనే ఉండాలా అని పెద్ద అక్షరాల్లో అడుగుతుంది. పవర్, పిచ్, ఫ్లాప్ సర్దే ఆ క్షణాల్లో ఈ తేడా చాలా పెద్దది. ముందు విమానాన్ని ఎక్కించండి, స్క్రీన్ తర్వాత.

చివర్లో వచ్చే మిస్డ్ హోల్డ్ నుంచి యూనిట్ తనంతట తానుగా బయటికి రాదు. మళ్లీ అప్రోచ్‌కు వెళ్లాలంటే దాన్ని కొత్తగా యాక్టివేట్ చేయాలి.

కొనేముందు మెకానిక్‌ను అడగాల్సిన మాట ఒకటుంది: ఆటోపైలట్‌కు రోల్ స్టీరింగ్ (నావిగేటర్ చెప్పినట్టు విమానాన్ని తనే తిప్పే సౌకర్యం) ఉందా? అది లేకపోతే టియర్‌డ్రాప్, పారలల్ ఎంట్రీలను (హోల్డ్‌లోకి చేరే పద్ధతులను) స్క్రీన్ ఎంత చక్కగా గీసినా హెడింగ్ బగ్ (ఆటోపైలట్‌కు దిశ చెప్పే గుర్తు) తిప్పాల్సింది మీరే. అది ఉన్నా మెకానికల్ హెచ్‌ఎస్‌ఐ (దిశ, కోర్సు చూపే పరికరం) ముల్లు తనంతట తిరగదు, ఇన్‌బౌండ్ కోర్సు చేత్తోనే పెట్టాలి. ఫిక్స్‌కు మూడు నిమిషాల ముందే వేగం తగ్గించండి. వేగంగా వస్తే మలుపు వెడల్పై, ఇన్‌బౌండ్ లెగ్ మీదికి సర్దుకునే సమయం మిగలదు.