ఫిలడెల్ఫియా సిటీ హాల్: టవర్ ఎక్కే ముందు గోడలు చూడండి

ఫిలడెల్ఫియా వచ్చే మనవాళ్లలో ఎక్కువమంది లిబర్టీ బెల్ చూసి, ఇండిపెండెన్స్ హాల్ ముందు ఫొటోలు దిగి వెనక్కి బయల్దేరిపోతారు. అక్కడికి మైలు లోపే, బ్రాడ్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్ కలిసేచోట ఉన్న సిటీ హాల్‌ని కారులోంచి చూసి సరిపెట్టుకుంటారు. అది అన్యాయం. ఒక పూట పూర్తిగా దానికే ఇవ్వాలి. టవర్ టికెట్ ఒక్కటే కొని, లిఫ్టెక్కి దిగి వచ్చేసినా సగం చూసినట్టు కాదు.

ఈమధ్య మా నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన్ని తీసుకెళ్లాను. నాన్న జీవితమంతా తాపీపని చేశారు. అందరూ తలెత్తి శిఖరం మీది విగ్రహం కేసి చూస్తుంటే, ఆయన నేరుగా గోడ దగ్గరికెళ్లి కింద గ్రానైట్ రాళ్ల మీద చెయ్యి పెట్టారు. రాయికీ రాయికీ మధ్య అతుకు వెంబడి గోరు జరుపుతూ, "ఇంత ఎత్తు లేపడానికి లోపల ఇనుమెంత పెట్టారమ్మా?" అని అడిగారు.

"ఈ గోడల్లో ఇనప చట్రం లేదు నాన్నా. బరువంతా రాయీ ఇటుకే మోస్తున్నాయి" అన్నాను. నమ్మలేదు. టవర్ అడుగున గోడ మందం 22 అడుగులని గైడ్ చెప్పింది నేను తెలుగులో చెప్పాక, "అట్లా చెప్పు. ఇప్పుడు ఒప్పుకుంటా" అన్నారు.

ఈ ఒక్క సంగతి తెలుసుకుని వెళ్తే భవనం వేరేగా కనిపిస్తుంది. బయటినుంచి చూసినప్పుడు కళ్లు చెక్కడాల మీదికే పోతాయి. అలెగ్జాండర్ మిల్న్ కాల్డర్ ఆధ్వర్యంలో తయారైన శిల్పాలు 250కి పైనే ఉన్నాయి మరి. కానీ గోడ మోస్తున్న బరువు తెలియాలంటే లోపలి చౌకుకు దారితీసే కమానుల కింద కాసేపు నిలబడాలి. ఆ దారుల్లో ఊరి జనం ఆఫీసులకీ మెట్రోకీ అడ్డంగా నడిచి వెళ్లిపోతుంటారు, టికెట్ అక్కర్లేదు. టవర్ పైభాగం మాత్రం రాయి కాదు, ఇనుము. దాని మీద అల్యూమినియం పూత వేశారు. కిందనుంచి చూస్తే రంగు తేడా తెలిసిపోతుంది.

పని 1871లో మొదలై 1901లో పూర్తయింది. ఆర్కిటెక్ట్ జాన్ మెకార్థర్ జూనియర్ 1890లోనే పోయారు. తను గీసిన భవనం పూర్తవడం ఆయన చూడలేదు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడం కావాలని మొదలుపెడితే, పని నడుస్తుండగానే వాషింగ్టన్ మాన్యుమెంట్, ఆ తర్వాత ఈఫిల్ టవర్ దాన్ని మించిపోయాయి. 1885 నాటికే షికాగోలో లోహపు చట్రంతో ఎత్తయిన భవనం లేచింది. అంటే ఇది పూర్తయ్యేనాటికి కట్టే పద్ధతే పాతబడిపోయింది. అయినా 548 అడుగులతో, న్యూయార్క్‌లో 1908లో సింగర్ భవనం వచ్చేదాకా, మనుషులు ఉండి పనిచేసుకునే భవనాల్లో ప్రపంచంలో అతి ఎత్తయినది ఇదే. 1950ల్లో దీన్ని కూల్చేయాలని ఆలోచించి, ఇంత రాతిని పడగొట్టడానికయ్యే ఖర్చు చూసి ఆగిపోయారు. నాన్న ఈ కథ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

ఇక టవర్ సంగతి. టికెట్‌కి టైమ్ స్లాట్ ఉంటుంది. లిఫ్ట్ చాలా చిన్నది, ఒకసారికి కొద్దిమందే పడతారు, అందుకే స్లాట్లు త్వరగా అయిపోతాయి. ఇరుకు చోట్లంటే టెన్షన్ పడేవాళ్లు ఈ భాగం వదిలేయడమే మంచిది. పైన, ఈ ఊరిని స్థాపించిన విలియం పెన్ విగ్రహం పాదాల కింద, దాదాపు 500 అడుగుల ఎత్తులో చుట్టూ తిరిగి చూసే చోటుంది. దక్షిణంగా బ్రాడ్ స్ట్రీట్ గీత గీసినట్టు సాగిపోతుంది. తూర్పున డెలావేర్ నది, అవతలి ఒడ్డున న్యూజెర్సీ. 1682లో పెన్ ఈ ఊరికి ప్లాన్ వేయించినప్పుడే మధ్యలో ఒక చౌకు వదిలారు. మనం నిలబడి ఉన్నది ఆ చౌకులోనే అని పైనుంచి చూస్తే గానీ అర్థం కాదు.

పెన్ విగ్రహం 37 అడుగులు, 27 టన్నులు. కంచుది. పైకి ఎక్కించక ముందు కింద చౌకులోనే జనం చూడటానికి పెట్టారు. ముక్కలుగా పైకి చేర్చి 1894లో నిలబెట్టారు. ముఖానికి ఎండ తగలాలంటే దక్షిణం వైపు తిప్పాలని కాల్డర్ కోరిక. కానీ పెన్ స్థానిక లెనాపే ప్రజలతో ఒప్పందం చేసుకున్నారని చెప్పే చోటు ఈశాన్యంలో ఉంది కాబట్టి అటే తిప్పారు. ఆ ముఖం రోజులో ఎక్కువసేపు నీడలోనే ఉంటుంది. ఒక శిల్పికి ఇంతకన్నా బాధ ఏముంటుంది? మీరు పొద్దున్నే వెళితే ఆయన పనితనం కాస్త బాగా కనిపిస్తుంది.

ఈ విగ్రహం టోపీని మించి ఊళ్లో ఏ భవనమూ లేవకూడదని రాతలో లేని ఒప్పందం ఒకటి చాలాకాలం నడిచింది. 1987లో వన్ లిబర్టీ ప్లేస్ అనే భవనం దాన్ని దాటేసింది. ఆ తర్వాత ఊరి క్రీడా జట్లు కప్పులు గెలవకపోతే ఇదే కారణమని జనం నమ్మారు. 2007లో అంతకన్నా ఎత్తయిన కామ్‌కాస్ట్ సెంటర్ భవనం కట్టిన పనివాళ్లు, పెన్ మళ్లీ అన్నిటికన్నా పైన ఉండాలని, చిట్టచివరి దూలం మీద చిన్న పెన్ బొమ్మ అతికించారు. 2008లో ఊరి జట్టు ఫిల్లీస్ బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ గెలిచారు. బేస్‌బాల్ తెలియని నాన్న కూడా దీన్ని శ్రద్ధగా విన్నారు.

నాకు టవర్ కన్నా లోపలి టూర్ ఎక్కువ నచ్చింది. మూలల్లోని ఎనిమిది కోణాల మెట్ల దారి చూడండి. గ్రానైట్ మెట్టు ఒక కొస గోడలో దిగి ఉంటుంది, రెండో కొసకి స్తంభం లేదు. ఒక్కో మెట్టు కింది మెట్టును ఆనుకుంటూ పైదాకా పోయింది. నాన్న అక్కణ్నుంచి కదలనన్నారు. కాన్వర్సేషన్ హాల్ వైభవం గొప్పదే, మేయర్ రిసెప్షన్ గది కూడా. కాకపోతే ఇది మ్యూజియం కాదు. మేయర్, సిటీ కౌన్సిల్, కోర్టులు పనిచేసే చోటు. ఆ రోజు సమావేశం ఉంటే కొన్ని గదులు చూపించకపోవచ్చు.

బయటికొచ్చాక దక్షిణం వైపు ఆక్టేవియస్ కాట్టో విగ్రహం దగ్గర తప్పక ఆగండి. నల్లజాతి ఉపాధ్యాయుడు. ట్రామ్ బళ్లలో తమవాళ్లని ఎక్కనివ్వాలని పోరాడారు, ఓటు హక్కు కోసం తిరిగారు. 1871 అక్టోబర్‌లో ఎన్నికల రోజున ఆయన్ని కాల్చి చంపారు. ఈ భవనానికి పునాది పని మొదలైంది కూడా ఆ ఏడే. విగ్రహం వచ్చింది 2017లో. పిల్లలతో వెళితే ఆయన కథ అక్కడే నిలబెట్టి చెప్పండి.

కారు తేవద్దు. న్యూజెర్సీ నుంచి పాట్కో ట్రైన్‌లో చివరి స్టేషన్‌లో దిగితే కొన్ని వీధుల నడక. ఊళ్లో ఉన్నవాళ్లకి మెట్రో స్టేషన్లు భవనం కిందే ఉన్నాయి. టూర్ల వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజే చూసుకుని, పనిదినం ఎంచుకోండి. రెండు టికెట్లలో ఒకటే కొనగలిగితే లోపలి టూర్‌దే కొనండి.