పిల్లలకు ఏ కామెడీ పెట్టాలి: అమృతమా, మిస్టర్ బీనా?

అక్క పిల్లల్ని మనకు అప్పగించి ఊరెళ్లింది. టీవీలో ఏం పెడదాం?

ఖర్చు: రెండూ యూట్యూబ్‌లో ఉచితమే.

శ్రమ: బీన్‌కి మాటలతో పెద్దగా పని లేదు. నాలుగేళ్ల బుడ్డోడూ పడీపడీ నవ్వుతాడు. ‘అమృతం’ (జెమినీ టీవీ, 2001–2007) అలా కాదు. అమృతరావు, ఆంజనేయులు హోటల్ తిప్పలు, ఇంటి ఓనర్ అప్పాజీ గొడవ మనం పక్కన కూర్చుని చెప్పాలి. నాకైతే ఆ చెప్పడమే ఇష్టం, మంచి తెలుగు పిల్లల చెవిన పడుతుంది.

రిస్క్: బీన్‌లో పెయింట్ డబ్బాలో టపాసు పేల్చి గదికి రంగేసే ఎపిసోడ్ ఉంది. అనుకరించే పిల్లలుంటే అది దాటేయండి. అమృతంలో ఆ టెన్షన్ తక్కువ, కానీ అర్థం కాకపోతే విసుగు.

ఆరేళ్లలోపు వాళ్లకి, తెలుగు అంతగా రాని అమెరికా పిల్లలకి బీన్. ఎనిమిదేళ్లు దాటి, మీకూ తీరికుంటే తప్పకుండా అమృతం.