గెంజి కథ: చుట్టలో బాగుంటుందా, తెరపైనా?

గెంజి అనే రాకుమారుడి జీవితం చెప్పే పాత జపాను నవల 'గెంజి కథ'. దాన్ని బొమ్మల్లో చూపే 12వ శతాబ్దపు చుట్ట (చుట్టి దాచే పొడవాటి కాగితం) ఎత్తు సుమారు 22 సెంటీమీటర్లే. ముందు సిరా గీత, దానిపై దట్టంగా ఖనిజ రంగు, ఆ రంగు కప్పేసిన గీతను మళ్లీ పైన గీయడం. ఇంటి పైకప్పు ఎత్తేసి గది లోపలిని చూపిస్తారు. ముఖాల్లో కళ్లు సన్నని గీతలు, ముక్కు చిన్న కొక్కెం. మరి దుఃఖం ఎక్కడ? గెంజి ప్రియసతి మురసాకి చివరి ఘడియల 'మినోరి' అధ్యాయపు దృశ్యంలో వసారా గీతలు ఏటవాలుగా జారిపోతుంటాయి, అక్కడ. చిక్కల్లా చుట్టడంతోనే: మందపు రంగు పెచ్చులూడుతుంది.

ఇదే కథపై జపాను చిత్రకారుడు సోతాత్సు గీసిన 1631 నాటి మడత తెరల జతలో ఒక్కోదానికి ఆరు పలకలు, ఎత్తు మీటరున్నర. దూరం నుంచే కట్టిపడేస్తాయి. 'సెకియా' అధ్యాయపు తెరపై గెంజి ముఖమే కనబడదు. ఎడ్లబండిలో ఉన్నాడని పాఠకుడే పోల్చుకోవాలి. కథ తెలియకపోతే మిగిలేది బంగారు నేపథ్యం, కొండలు, పరివారం. మనసు చదవడానికి నా ఓటు చుట్టకే.